పెరట్లో మాటు వేసి ఎగిరే పిట్టను ఫొటో తీయడం

పిట్ట వెనకాల కెమెరా తిప్పితే ఫొటోలో తోకే మిగులుతుంది. అది ఎక్కడ వాలాలో, ఎటు నుంచి రావాలో ముందు మనం కుదర్చాలి. పెరడు లేనివాళ్ళకు మిద్దె తోట చాలు. విజయవాడ, గుంటూరు మేడల మీదికి గోరింకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు ఎలాగూ వస్తాయి.

పొద్దున తీసేటట్టయితే మాటును, అంటే మనం దాక్కుని కూర్చునే చాటును, తూర్పున కట్టి పడమటికి చూడండి. ఎండ మీ వీపు వెనక ఉండి పిట్ట మీద పడాలి. మే నెలలో ఇక్కడ 6 నుంచి 8:30 దాకానే మంచి వెలుతురు. ఆ తర్వాత నీడలు గట్టిపడతాయి, వేడికి గాలి అలలాడి ఈకల గీతలు మసకబారతాయి. ఇక రోహిణి కార్తెలో తొమ్మిది దాటాక లోపల కూర్చోవడం ఒంటికే మంచిది కాదు.

మాటుకు నాలుగు వెదురు బొంగులు, 4 అడుగుల చదరం, 5 అడుగుల ఎత్తు సరిపోతాయి. చుట్టూ తాటాకు తడక కడితే అంతకంటే మంచిది లేదు. దొరకకపోతే గ్రీన్ షేడ్ నెట్ రెండు పొరలు వేయండి. టార్పాలిన్ వద్దు, గాలికి టపటపమంటుంది, లోపల ఉడికిపోతాం. వెనకవైపు నల్ల గుడ్డ తప్పనిసరి. అది లేకపోతే వెనక నుంచి వచ్చే వెలుతురులో మీ తల కదలిక పిట్టకు నీడబొమ్మలా కనిపిస్తుంది. లెన్స్ కోసం జానెడు కంత చాలు, లెన్స్ కొన మాత్రం బయటికి పొడుచుకు రాకూడదు. మాటును వారం ముందే కట్టి, కంతలో లెన్స్‌కు బదులు ఒక నల్ల సీసా పెట్టి వదిలేయండి. పిట్టలు దానికి అలవాటు పడతాయి.

ఎండాకాలంలో గింజల కంటే నీళ్ళకే ఎక్కువ వస్తాయి. వెడల్పాటి మట్టి మూకుడులో అంగుళంన్నర లోతు నీళ్ళు పోసి, కాళ్ళు జారకుండా గరుకు రాళ్ళు వేయండి. పైన ఒక డబ్బా వేలాడదీసి సెలైన్ ట్యూబుతో సెకనుకు ఒక చుక్క పడేలా బిగించండి. ఆ చుక్క చప్పుడుకే పిట్టలు దిగుతాయి. మూకుడును నేల మీద కాకుండా లెన్స్ ఎత్తుకు సమంగా స్టూలు మీద పెట్టాలి, లేకపోతే ప్రతి ఫొటోలోనూ పిట్ట వీపే వస్తుంది. పిల్లి పొంచడానికి వీలుండే పొదలకు 6 అడుగుల దూరం ఉంచండి. నీళ్ళు రోజూ మార్చాలి, దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీటిలోనే. మేతకు జొన్నలు, సజ్జలు, బాగా పండిన బొప్పాయి, అరటి సరిపోతాయి. ఉప్పు కలిసిన అన్నం, మిక్చర్ పెట్టకండి. తేనెపిట్టకు మందారం, నూరువరహాలు ఉంటే చాలు.

అసలు కీలకం కొమ్మ. పిట్ట గాలికి ఎదురుగా వాలుతుంది, ఎదురుగానే లేస్తుంది. ఒక దారప్పోగు కట్టి గాలి ఎటు వీస్తుందో చూడండి. పడమటి గాలి వీచే రోజుకూ సాయంత్రం పైరగాలికీ లెక్క మారిపోతుంది. గాలి మీకు అడ్డంగా, ఎడమ నుంచి కుడికో కుడి నుంచి ఎడమకో పోయేలా చూసుకుని, బొటనవేలంత లావు ఎండుకొమ్మను మూకుడు పక్కన లెన్స్‌కు అడ్డంగా నాటండి. అప్పుడు పిట్ట మీ ముందు పక్కవాటంగా, ఒకే దూరంలో ఎగురుతుంది. ఇదెందుకంటే, ఏపీఎస్‌-సీ కెమెరాకు (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉండేది) 300 ఎంఎం లెన్స్ పెట్టి 5 మీటర్ల దూరంలో ఎఫ్‌/5.6 అపెర్చర్ (లెన్స్ రంధ్రం) దగ్గర తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు దాదాపు 6 సెంటీమీటర్లే. పిట్ట మీ వైపు దూసుకొస్తే కన్ను స్పష్టంగా ఉండి రెక్కలు అలుక్కుపోతాయి. అదే దూరంలో ఫ్రేము వెడల్పు సుమారు 37 సెంటీమీటర్లు. రెక్కలు చాచిన పిగిలిపిట్టకు అది సరిపోతుంది. 400 ఎంఎం పెడితే దాదాపు 27కి తగ్గి రెక్క కొన తెగిపోతుంది. కొమ్మ వెనక కనీసం 3 మీటర్ల దాకా ఏ ఆకూ గోడా లేకుండా చూడండి.

మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్‌ఓ (వెలుతురును బట్టి సెన్సర్ స్పందనను కెమెరాయే మార్చుకోవడం) పెట్టి, ఐఎస్‌ఓ 6400 దాటకుండా కట్టడి చేయండి. షట్టర్ వేగం కూర్చున్న పిట్టకు 1/500 సెకను, స్నానానికి 1/1600, వాలేటప్పుడూ లేచేటప్పుడూ 1/2500, పువ్వు ముందు నిలబడి రెక్కలాడించే తేనెపిట్టకు 1/3200. నల్లంచి లాంటి నలుపు తెలుపు పిట్టకు ఎక్స్‌పోజర్ 0.7 స్టాప్ తగ్గించకపోతే తెలుపు ఈకల గీతలు కనిపించకుండా కాలిపోతుంది. వాలే ఫొటోకు ఆటోఫోకస్‌ను నమ్మకండి. కొమ్మ కొనకు ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చి, ఫ్రేములో పిట్ట వచ్చే వైపు ఖాళీ వదిలి ఆగండి. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో రెక్కలు వంకర పోతే మెకానికల్‌కు మారండి. సెన్సర్ వరస వరసగా చదువుతుండగా రెక్క కదిలిపోవడమే ఆ వంకరకు కారణం.

లేచే క్షణం పిట్టే చెబుతుంది. పిగిలిపిట్టను చూడండి. తల అటూ ఇటూ తిప్పడం ఆపి, ఈకలన్నీ ఒంటికి అంటించుకుని, మోకాళ్ళు వంచి ముందుకు వాలుతుంది. చాలాసార్లు ఆ ముందు రెట్ట వేస్తుంది. అప్పుడే బటన్ నొక్కి పట్టాలి, ఎగిరాక నొక్కితే మిగిలేది ఖాళీ కొమ్మే. స్నానం ఫొటోలకు మాత్రం ఎండ ఎదురుగా, వెనక నల్లటి నీడ ఉండాలి, అప్పుడే తుంపరలు మెరుస్తాయి.

గూటి దగ్గర మాటు వేయకండి, రికార్డు చేసిన కూతలు వినిపించకండి. తల్లి గూడు వదిలేస్తే పిల్లలు ఎండకు చచ్చిపోతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుడ్లు, గూళ్ళు పాడుచేయడం నేరం కూడా.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తెల్లవారకముందే సంచీలోనే ఉంచి, మూత తీయకుండా అరగంట బయట పెట్టండి. మాటులోకి చీకటితోనే వెళ్ళి, పిట్టలు లేని సమయం చూసి బయటికి రండి.