కూరగాయలకు సంచి, ప్యాకెట్లకు ఫోన్: ఏ సరుకు ఎక్కడ కొనాలో తేల్చుకోవడం ఎలా

సరుకులు యాప్‌లో తెప్పించుకోవాలా, బజారుకు వెళ్లి తెచ్చుకోవాలా అని చాలామంది ఇంటి మొత్తానికీ ఒకే జవాబు వెతుకుతుంటారు. అలా తేలదు. సరుకును బట్టి తేల్చుకోండి. కొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని నేను చేత్తో పట్టుకుని ఏరుకుంటే ఇంటికొచ్చేది మారుతుందా? వంకాయ మారుతుంది, చేప మారుతుంది. ఉప్పు ప్యాకెట్ మారదు, మీరు తీసినా ఇంకొకరు తీసినా లోపల ఉండేది ఒకటే. మారేవాటికి మీరే వెళ్లండి, మారనివాటిని ఎక్కడ ఖర్చు తక్కువ పడితే అక్కడ కొనండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో ఉండేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను, ఎందుకంటే ఒక పక్క బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్, బిగ్‌బాస్కెట్ లాంటి యాప్‌లూ, ఇంకో పక్క రైతు బజారూ సందు చివర కిరాణా కొట్టూ అన్నీ అందుబాటులో ఉండి ఏది ఎంచుకోవాలో తెలియని ఇబ్బంది ఎక్కువగా వాళ్లదే.

చేత్తో ఏరాల్సినవి

కూరగాయల దగ్గర నాకు ఏ అనుమానమూ లేదు, కుదిరినంతవరకూ వెళ్లే తెచ్చుకోవాలి. వంకాయ తొడిమ పచ్చగా, కాయ నిగనిగలాడుతూ, సైజుకు తగ్గట్టు కాకుండా ఇంకాస్త తేలిగ్గా ఉండాలి. చేతికి బరువుగా తగిలిందంటే లోపల గింజ ముదిరిందని అర్థం. బెండకాయ కొన వంచితే టక్కున విరగాలి (ఒక్కటి విరిచి చూస్తే చాలు, గంపంతా విరిచేస్తే అమ్మే ఆమె ఏం కావాలి). సొరకాయ మీద గోరు నొక్కితే దిగాలి. గోంగూర కట్ట పైపైన చూసి తీసుకోకుండా మధ్యలో విప్పి చూడాలి, నల్లబడిన ఆకు ఉంటే అక్కడే ఉంటుంది.

తాజాదనం ఒక్కటే కాదు, మీరు ఏం వండబోతున్నారో మీకు మాత్రమే తెలుసు. గుత్తివంకాయకు చిన్నవి, అన్నీ ఒకే సైజువి కావాలి. పచ్చడికైతే కాస్త పెద్ద కాయైనా ఫరవాలేదు. చామదుంపలు ఒకే సైజులో లేకపోతే కొన్ని ఉడికి చిదిమిపోయేసరికి కొన్ని ఇంకా గట్టిగానే ఉంటాయి. టమాటాలు వారానికి కొనేటప్పుడు ఈ రోజుకు పండినవి నాలుగు, ఎల్లుండికి దోరవి నాలుగు, వారం చివరికి కాస్త పచ్చివి అని ఏరుకుంటాం. యాప్‌లో అరకిలో అని నొక్కితే గోడౌన్‌లో ఉన్న పిల్లవాడు నిమిషంలో సంచి నింపేయాలి, అతనికి మన వంట సంగతి ఎలా తెలుస్తుంది? బజారులో అయితే 'పులుసుకా అమ్మా, వేపుడుకా' అని అడిగి మరీ ఏరి ఇస్తారు.

మన దగ్గర రైతు బజార్లు ఉండటం నిజంగా అదృష్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో మొదలయ్యాయి, రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, వనస్థలిపురం, విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, విజయవాడలో పటమట, ఇలా మీకు దగ్గరలో ఏదో ఒకటి ఉంటుంది. వెళ్లగానే ఆ రోజు ధరల బోర్డు చూడండి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ధరను హోల్‌సేల్ రేటుకు కాస్త ఎక్కువగా, బయటి రేటుకు కాస్త తక్కువగా నిర్ణయిస్తారు కాబట్టి బేరమాడే పని ఉండదు, బోర్డు కంటే ఎక్కువ చెబితే మాత్రం బోర్డు చూపించి అడగండి. ఆకుకూరలు, లేత కాయలు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి. సాయంత్రం సరుకు మిగిలితే రేటు తగ్గించి అమ్మేస్తుంటారు, కానీ వాటిని ఆ రాత్రికో మర్నాడో వండేయాలి.

ఉల్లి, బంగాళాదుంప, అల్లం, వెల్లుల్లి, క్యాబేజీ యాప్‌లో తెప్పించినా పెద్దగా నష్టం లేదు. వానాకాలంలో ఉల్లిపాయ మాత్రం చేత్తో నొక్కి చూసి కొనాల్సిందే, మెడ దగ్గర మెత్తగా ఉంటే లోపల కుళ్లు మొదలైనట్టే.

చేపా, మాంసమూ

ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. బజారులో చేపను మొత్తంగా తూచి ఆ తర్వాత పొలుసు, పేగులు తీసి ముక్కలు కొడతారు. యాప్‌లో చాలావరకూ శుభ్రం చేసిన ముక్కల బరువుకు ధర పెడతారు. కాబట్టి రెండు కిలో ధరల్ని పక్కపక్కన పెట్టి 'యాప్ చాలా ఖరీదు' అనుకోవడం సరికాదు. మీరెప్పుడూ కొనే చేపను ఒకసారి కొట్టించాక మళ్లీ కాటా మీద పెట్టమనండి, కిలో చేపకు చేతికొచ్చే ముక్కల బరువెంతో తెలుస్తుంది, ఆ లెక్క ఇక ఎప్పటికీ పనికొస్తుంది. చికెన్ కూడా అంతే, స్కిన్‌తో రేటు వేరు, స్కిన్‌లెస్ రేటు వేరు, అడిగి తెలుసుకోండి.

లెక్క సరిచూసుకున్నాక కూడా నేను చేపకు బజారుకే వెళ్లమంటాను. కన్ను తేటగా ఉందా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి వస్తుందా అన్నవి ఫొటోలో తెలియవు. కొర్రమీను అయితే బతికున్నదే చూసి కొట్టించుకుంటాం. మటన్ విషయంలో కత్తి పట్టుకున్న మనిషి ఎదురుగా ఉంటేనే 'ముందు కాలు వేయి, కొవ్వు తగ్గించు, కాసిన్ని పక్కటెముకలు కలుపు, ముక్క చిన్నగా కొట్టు' అని చెప్పగలం.

బియ్యం, పప్పు, ఏడాదికి సరిపడా సరుకు

బియ్యం మొదటిసారి కొనేది మాత్రం కొట్లోనే కొనండి, పాత బియ్యమా కొత్త బియ్యమా అని అడగండి, ఒక కిలో తెచ్చి వండి చూశాకే బస్తా దించుకోండి. కొత్త బియ్యం ఎసరు కాస్త ఎక్కువైతే చాలు ముద్దవుతుంది. ఒకసారి మీకు నచ్చిన రకమూ బ్రాండూ కుదిరాక ఎక్కడ తెప్పించినా ఒకటే, బస్తా మెట్లెక్కించే పని తప్పుతుంది కాబట్టి ఇంటికి తెప్పించుకోవడమే మేలు. సోనా మసూరి అని పైన రాసి ఉన్నదల్లా ఒకటే బియ్యం అనుకోవద్దు. బీపీటీ 5204, తెలంగాణ సోనా అని పిలిచే ఆర్ఎన్ఆర్ 15048, హెచ్ఎంటీ, వీటి రుచీ ఉడికే తీరూ వేరు.

ధర పోల్చేటప్పుడు ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది, దాంతో ఆ పన్ను పడకుండా మిల్లులు 26 కిలోల బస్తాలు దించాయి. యాప్‌లో 10 కిలోలు, కొట్లో 26 కిలోలు అన్నప్పుడు బస్తా ధర చూస్తే ఏమీ తెలియదు, కిలోకు ఎంతో లెక్కకట్టండి.

కందిపప్పు, మినప్పప్పు ప్యాకెట్ల మీద '40 శాతం తగ్గింపు' అని కనిపించినప్పుడు కూడా ఇదే పని చేయండి. ఎమ్మార్పీ ఎక్కువ వేసి తగ్గింపు చూపడం తేలిక, అదే పప్పు సందు చివర కొట్లో లూజుగా కిలో ఎంతో అడిగితే అసలు సంగతి తేలుతుంది. నూనె దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది, కానీ చూడ్డానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి 850 మిల్లీలీటర్లో 800 గ్రాములో ఉండేవీ అమ్ముతారు. ఫోన్ తెరమీద అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి, బొమ్మ చూసి నొక్కేస్తే మోసపోతాం. ప్యాకెట్ మీద నికర పరిమాణం, యూనిట్ ధర (గ్రాముకో కిలోకో లీటరుకో ఎంత పడుతుందో) అని ముద్రిస్తారు, అవి చదవండి.

ఇక ఎండాకాలపు కొనుగోళ్లు. ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిర్చి, పచ్చళ్ల మామిడికాయలు యాప్‌లో కొనమని నేను ఎవరికీ చెప్పను. కొత్త చింతపండు, కొత్త మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల బాగా దిగుతాయి. మిర్చి చేత్తో ఊపితే గలగలమనాలి, తుంచితే లోపల బూజు వాసన రాకూడదు, చింతపండులో గింజా ఈనెలూ ఎన్ని ఉన్నాయో కళ్లతో చూడాలి. హైదరాబాద్ వాళ్లకు బేగంబజార్ ఉంది, మిగతా ఊళ్లలో మార్కెట్ యార్డుల చుట్టుపక్కల కొట్లుంటాయి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి కొని పంచుకుంటే రేటు ఇంకా కలిసొస్తుంది. ఆవకాయ కాయైతే బజారులోనే ఎంచుకుని అక్కడే కత్తిపీట మీద టెంకతో కలిపి కొట్టించుకోవాలి. టెంక ముదరని కాయ పెడితే ముక్క ఏడాది నిలవదు, ఆ సంగతి కాయ కోసి చూపిస్తే తప్ప తెలియదు.

యాప్ బిల్లు ఎలా చదవాలి

ప్యాకెట్ సరుకులు, సబ్బులు, బట్టల సోడా, పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, ఇవన్నీ యాప్‌లో హాయిగా కొనచ్చు. కాకపోతే సరుకు ధరల దగ్గర ఆగిపోకుండా చివరి బిల్లు చదవాలి. 60 రూపాయల పెరుగూ కొత్తిమీరా తెప్పించారనుకుందాం. డెలివరీ 25, హ్యాండ్లింగ్ 10, వాన పడుతోందని ఇంకో 15 కలిస్తే 110. పది నిమిషాల్లో వచ్చినందుకు దాదాపు సరుకు ధరంత కట్టినట్టు. ఈ ఫీజులు ఊరినీ యాప్‌నూ వేళనూ బట్టి మారతాయి కాబట్టి మీ బిల్లులో ఎంతో మీరే చూడాలి. డెలివరీ ఫ్రీ కావాలని 80 రూపాయల చిప్స్ కలిపితే 25 మిగిల్చి 80 ఖర్చు పెట్టినట్టే, ఆ చిప్స్ మీరు ఎలాగూ కొనేవే అయితే సరే.

న్యాయంగా చూస్తే బజారుకూ ఖర్చుంది. రానూపోనూ ఆటోకు 150 అయితే రెండు కిలోల కూరగాయల కోసం వెళ్లడంలో ఆదా ఏమీ లేదు. అందుకే వారానికొకసారి వెళ్లి ఒకేసారి తెచ్చుకోండి, లేదా ఆఫీసు నుంచి వచ్చే దారిలో ఉన్న బజారు చూసుకోండి.

మీరు వేయని వస్తువో, విరాళమో, మెంబర్‌షిప్పో బిల్లులో దానంతటదే చేరి ఉంటే తీసేయండి. ఇలా చెప్పకుండా కలపడం 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిషేధం. అలాగే 2024 నవంబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ కంపెనీలకు, ఆహార పదార్థం ఇంటికి చేరేసరికి దాని గడువులో కనీసం 30 శాతం గానీ, 45 రోజులు గానీ మిగిలి ఉండాలని చెప్పింది. కాబట్టి డెలివరీ రాగానే తేదీలు చూడండి, పండ్లూ కూరగాయలూ వంటింటి కాటా మీద పెట్టి తూచండి, తేడా ఉంటే అప్పుడే ఫొటో తీసి యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. రాత్రి వంట చేసేటప్పుడు చూద్దాంలే అనుకుంటే ఫిర్యాదు గడువు దాటిపోవచ్చు. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

కిరాణా కొట్టును మర్చిపోవద్దు

నెల సరుకుల చీటీ వాట్సాప్‌లో పెడితే చాలా కిరాణా కొట్లు సాయంత్రానికి మనిషితో ఇంటికి పంపిస్తాయి, ఫీజు లేకుండా. పప్పు పురుగు పడితే మర్నాడు తీసుకెళ్లి మార్చుకోవచ్చు, జీతం ఆలస్యమైతే ఖాతాలో రాసుకుంటారు. పక్క కొట్టులో 3 రూపాయలు ఎక్కువైనా నేను చాలా సరుకులు అక్కడే కొంటాను, ఆ కొట్టు మూతపడితే వీధికి ఎంత నష్టమో కరోనా లాక్‌డౌన్‌లో అందరం చూశాం. ఒకసారి మీ నెల చీటీ తీసుకుని కొట్లో ధరా, యాప్ చివరి బిల్లూ పక్కపక్కన రాసి చూడండి, తేడా చాలామంది అనుకున్నంత ఉండదు.

దూరంగా ఉండి అమ్మానాన్నలకు పంపేవాళ్లకు

బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి రాజమండ్రిలో, వరంగల్‌లో ఉన్న పెద్దవాళ్లకు ఆర్డర్ పెట్టేవాళ్లకు పైన చెప్పిన లెక్క మారుతుంది. మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులు దిగలేని మనిషికి, పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి యాప్ విలాసం కాదు, నాలుగు రూపాయలు ఎక్కువైనా తెప్పించుకోవాల్సిందే. బరువైనవి మీరు పెట్టండి: బియ్యం, నూనె, పంచదార, సబ్బులు. కూరగాయలు మాత్రం వాళ్ల చేతికే వదిలేయండి, ఇంటి ముందుకు బండి వచ్చే వీధైతే మరీను. పొద్దున బండి దగ్గర నిలబడి పది మాటలు మాట్లాడటం చాలామంది పెద్దవాళ్లకు రోజులో బయటివాళ్లతో జరిగే ఒకే ఒక పలకరింపు, అది మనం ఫోన్‌తో తీసేయకూడదు.

ఆర్డర్ పెట్టే ముందు నాన్నకు ఫోన్ చేసి ఇంట్లో ఏం ఉన్నాయో అడగండి, లేకపోతే మూడు పంచదార ప్యాకెట్లు పోగవుతాయి. చిరునామాలో 'గుడి వెనక నీలం గేటు' లాంటి గుర్తు రాయండి, డెలివరీ అబ్బాయి ఫోన్ వాళ్లకే వెళ్లేలా వాళ్ల నంబర్ ఇవ్వండి. డబ్బు ముందే కట్టేయండి, గుమ్మం దగ్గర చిల్లర కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు. డెలివరీ ఓటీపీ వస్తే వచ్చిన అబ్బాయికి మాత్రమే, అదీ సంచి చేతికి అందాకే చెప్పమనండి, ఫోన్‌లో ఎవరు ఏ పేరు చెప్పి అడిగినా చెప్పొద్దని గట్టిగా చెప్పి ఉంచండి.