కలగలుపు పెరట్లో ఏ గుడ్డు పిల్ల అవుతుంది?

మా పెరట్లో నాటు పెట్టలు, వనరాజా రకం కోళ్ళు, బాతులు, గిన్నికోళ్ళు అన్నీ కలిసే తిరుగుతాయి. పొదుగుకు గుడ్లు కావాలని వచ్చేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఇవి పిల్లలవుతాయా అండీ?" పెంకు చూసి ఎవరూ చెప్పలేరు. గుడ్డు నీళ్ళలో మునిగితే పిల్ల అవుతుందని మా పక్కింటావిడ గట్టిగా వాదిస్తుంది. మునిగితే గుడ్డు తాజాది, తేలితే పాతది. ఆ పరీక్షతో తెలిసేది అంతే.

ముందు మగవాటి సంగతి చూడండి. ఒక పుంజు ఎనిమిది, పది పెట్టలకు చాలు. కానీ పుంజు ఉంది కదా అని బాతు గుడ్ల మీద ఆశ పెట్టుకోకండి, వాటికి మగబాతు ఉండాల్సిందే. మగబాతు కోడిపెట్టల మీద పడుతుంటే పిల్లలు రావు సరికదా పెట్టకు గాయాలవుతాయి, వేరు చేయండి. గిన్నికోళ్ళలో మగదీ ఆడదీ చూపుకి ఒకేలా ఉంటాయి. రెండు ముక్కలుగా కూసేది ఆడది. మగది ఒకే ముక్క అరుపు అరుస్తుంది.

తర్వాత, ఆ రోజు పెట్టిన గుడ్లలో రకానికి ఒకటి తెల్ల పళ్ళెంలో పగలగొట్టండి. ఎలాగూ అట్టు వేసుకునేవే. పచ్చసొన మీద చిన్న తెల్ల మచ్చ ఉంటుంది. కనబడకపోతే చెంచాతో సొనను మెల్లగా తిప్పండి. పుంజు కలవని గుడ్డులో కూడా ఆ మచ్చ ఉంటుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. కలవనిదైతే మచ్చ చిన్నగా, ముద్దగా, అంచులు చెదిరినట్టు ఉంటుంది. కలిసినదైతే నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా, మధ్యలో పలచగా, చుట్టూ తెల్లటి వలయంతో కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన చూస్తే ఇక మరిచిపోరు, అందుకే కొట్టు నుంచి ఒక ఫారం గుడ్డు తెచ్చి పక్క పళ్ళెంలో వేసుకోండి. ఫారాల్లో గుడ్ల కోళ్ళ దగ్గర పుంజులుండవు కాబట్టి అది కచ్చితంగా కలవనిదే. సొన మీద నెత్తుటి చుక్క ఉన్నా, తెల్లసొనలో తాడులాంటిది కనిపించినా వాటికీ పిల్లకీ సంబంధం లేదు.

పగలగొట్టిన గుడ్డును ఇక పొదిగించలేం. దానితో తెలిసేది పుంజు పని చేస్తోందా లేదా అన్నదే. ఫలానా గుడ్డులో పిల్ల ఉందా అంటే పొదుగులో పెట్టి వారం ఆగాలి. ఏడో రోజు రాత్రి ఒక అట్టముక్కకు రూపాయి బిళ్ళంత కన్నం చేసి, ఫోన్ టార్చి మీద పెట్టి, గుడ్డు లావు కొనను కన్నానికి ఆనించండి. సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు, నడుమ నల్ల చుక్క కనిపిస్తే పిల్ల పెరుగుతోంది. అంతా తేటగా పసుపుగా వెలిగితే తీసేయండి. నరాలు లేకుండా ఒక ఎర్రటి గీత గుండ్రంగా చుట్టి ఉంటే పిల్ల మొదలై చనిపోయింది. అంటే తప్పు పుంజుది కాదు. బాతు గుడ్డు పెంకు తెల్లన కాబట్టి సులువు. వనరాజా గోధుమ రంగు గుడ్లకీ, గిన్నికోడి మందపాటి పెంకుకీ ఇంకో రెండు మూడు రోజులు ఆగితే నయం.

మా వైపు సంక్రాంతి ముందు పుంజులు అమ్ముడైపోతాయి. గాభరా పడక్కర్లేదు, పుంజు వెళ్ళాక కూడా రెండు వారాల దాకా పిల్ల అయ్యే గుడ్లు వస్తూనే ఉంటాయి. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పాత పుంజును తీసి కొత్తగా డేగ పుంజును (ఎర్ర ఈకల పుంజు) వదిలితే, మూడు వారాలు దాటాకే ఆ గుడ్లు దాని సంతానమని నమ్మండి. మందలో రెండు పుంజులు తిరుగుతుంటే ఏ గుడ్డు ఎవరిదో దేవుడికే తెలియాలి.

మే నెలలో పగలగొట్టే పరీక్ష గుడ్డు పెట్టిన పూటే చేయండి. మన ఎండలకు గది వేడిలోనే పిల్ల ఎదగడం మొదలై మచ్చ పెద్దదవుతుంది, కొన్నిసార్లు మధ్యలోనే చచ్చిపోతుంది. పొదుగుకు దాచేవి సన్న కొన కిందకి పెట్టి, చల్లటి మూల ఉంచి, వారంలోపు వాడేయండి. కోడి కింద బాతు గుడ్లు కూడా పెట్టేట్టయితే అవి ఏడు రోజులు ముందు పెట్టాలి. వాటికి ఇరవై ఎనిమిది రోజులు, కోడిగుడ్లకు ఇరవై ఒకటి. ఏది ఏ రోజు పెట్టారో పెంకు మీద పెన్సిల్‌తో రాసుకోండి, లేకపోతే టార్చి పట్టిన రాత్రి వయసు తెలియక మంచి గుడ్లు పారేస్తారు.