గోదావరి డెల్టాలో అండో తరహా కాంక్రీట్ గోడ పోసుకోవడం ఎలా

జపాన్ ఆర్కిటెక్ట్ తదావో అండో కట్టే బోసి కాంక్రీట్ గోడల్లోని ఆ నునుపు ప్లాస్టరింగ్‌తో వచ్చింది కాదు. సెంట్రింగ్ విప్పాక ఏది బయటపడితే అదే గోడ. పుట్టీ లేదు, రంగు లేదు, తర్వాత సర్దుకునే వీలూ లేదు. అందుకే అసలు పనంతా కాంక్రీట్ పోయకముందే అయిపోవాలి.

మన దగ్గర ఇల్లంతా ఇలా కట్టమని చెప్పం. కోనసీమ ఎండలకి బోసి కాంక్రీట్ పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. ఒక్క గోడ చాలు, అదీ మండువా వైపు తెరుచుకున్న గదిలో. 1976లో ఒసాకాలోని సుమియోషిలో అండో కట్టిన చిన్న ఇంట్లో మధ్య మూడోవంతు పైకప్పు లేకుండా ఆకాశానికి వదిలేశారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే వానలో తడవాల్సిందే. మండువా లోగిళ్లలో పెరిగినవాళ్లకి అది కొత్త సంగతి కాదు.

గోడని గదికి ఉత్తరం వైపు, తూర్పు పడమరలుగా పెట్టండి. దాని తూర్పు కొసకీ పక్క గోడకీ మధ్య తూర్పుకి తెరుచుకునే 150 మిల్లీమీటర్ల నిలువు సందు వదలండి. దసరా నుంచి ఉగాది దాకా పొద్దున్నే ఎండ ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి ఆ సందులోంచి గోడని రాసుకుంటూ పాకుతుంది. వేసవిలో పొద్దు ఈశాన్యానికి జరుగుతుంది, పొద్దుటి ఎండ గోడ మీద పడదు. ఆ నెలల్లో పడకపోవడమే మేలు. ఇబరాకిలోని చర్చ్ ఆఫ్ ద లైట్‌లో (1989) శిలువ ఆకారపు సందుకి అద్దం వద్దన్నది అండో కోరిక, చివరికి అద్దం పెట్టక తప్పలేదు. తుఫాను జల్లు తూర్పు నుంచే కొట్టే మనకి అద్దం తప్పనిసరి.

కొలతలు: 16 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, 200 మిల్లీల మందం. అండో గోడల మీద కనిపించే 900×1800 మిల్లీల గళ్లు జపాన్ తాటామీ చాప కొలతకి దగ్గరగా ఉంటాయి, నిష్పత్తి ఒకటికి రెండు. మన 8×4 ప్లై షీటుదీ అదే నిష్పత్తి కనుక కొయ్యక్కర్లేదు. 18 మిల్లీల ఫిల్మ్ కోటెడ్ షీట్లు, కొత్తవి, అడ్డంగా పక్కపక్కన రెండు, పైన రెండు. రెండు ముఖాలకీ కలిపి ఎనిమిది. షీటుకి ఆరు టై రాడ్లు (రెండు ముఖాల షీట్లనీ కలిపి బిగించే కడ్డీలు): పొడవు వెంట 813 మిల్లీలకొకటి, అంచు నుంచి 407; నిలువునా రెండు వరసల మధ్య 610, అంచు నుంచి 305. విప్పాక మిగిలే గుంటలు ఈ లెక్కలోనే కనిపిస్తాయి. ఒక్కటి జరిగినా కన్ను అక్కడికే పోతుంది.

అతుకుల్లో ఫోమ్ టేపు అంటించి బిగించండి. సందు ఉంటే సిమెంట్ పాలు కారిపోయి అక్కడ ఇసుక గీత మిగులుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ షీట్లకి పూయొద్దు, మరకలు పోవు. షట్టరింగ్ ఆయిల్‌నే పలచగా రాసి గుడ్డతో తుడవండి.

మందం 200 ఎందుకంటే, తీర ప్రాంతానికి ఐఎస్ 456 (కాంక్రీట్ పనులకి భారత ప్రమాణం) ప్రకారం కవర్, అంటే కడ్డీల మీద ఉండాల్సిన కాంక్రీట్ మందం, 45 మిల్లీలు; కాంక్రీట్ బలం గ్రేడ్ కనీసం ఎం30. రెండు వైపులా 10 మిల్లీల కడ్డీల జాలీలు పోగా మధ్యలో 70 మిల్లీలు మిగులుతాయి, 40 మిల్లీల వైబ్రేటర్ సూది దిగుతుంది. 150 గోడలో మిగిలేది 20. సూది దిగదు, తేనెపట్టులా గుల్ల పడుతుంది. రాడ్ బెండర్లు బైండింగ్ వైరు కొసల్ని లోపలికి మడిచారో లేదో చేత్తో తడిమి చూడండి. ముఖం వైపు తేలిన కొస మొదటి వర్షాకాలానికే తుప్పు చుక్కవుతుంది.

కాంక్రీట్ సుమారు 2.4 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 380 కిలోల సిమెంట్ లెక్కన 18 బస్తాలు పడుతుంది, 20 తెచ్చుకోండి, అన్నీ ఒకే బ్రాండు, ఒకే లోడు. లేకపోతే రంగు తేడా వస్తుంది. బస్తాకి 21 లీటర్ల నీళ్లు, అందులో ఇసుక తడి కూడా లెక్కే. మిశ్రమం సులువుగా జారడానికి సూపర్ ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలపండి గానీ నీళ్లు పెంచొద్దు. నీటిలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. తీరం వైపు బోరు నీళ్లకి ల్యాబ్ పరీక్ష చేయించకుండా ముట్టుకోవద్దు. రొయ్యల చెరువు నీళ్లు అసలే వద్దు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి జనవరి, ఫిబ్రవరిలోనే పోసుకుంటే క్యూరింగ్‌కీ మంచినీళ్లు దొరుకుతాయి.

ముందుగా అదే ప్లై, అదే మిశ్రమంతో మూడడుగుల నమూనా గోడ పోసి చూడండి. మేస్త్రీకీ మీకూ మధ్య మాటలకంటే అది ఎక్కువ పని చేస్తుంది.

పోత తెల్లవారుజామున మొదలవ్వాలి. 30 సెంటీమీటర్ల పొరలు ఎనిమిది, పొరకి పావుగంట చొప్పున రెండు గంటలు. ఆగితే కింది పొర గట్టిపడి రెండు పొరల మధ్య కోల్డ్ జాయింట్ గీత, తొందరపడితే షీట్లు ఉబ్బుతాయి. ఏటవాలు ఎండలో మూడు మిల్లీల ఉబ్బు కూడా నీడ వేస్తుంది. సూది కింది పొరలోకి 10 సెంటీమీటర్లు దిగాలి, నెమ్మదిగా పైకి రావాలి, ప్లైకి తగలకూడదు.

రెండు రోజులు సెంట్రింగ్ కదిలించొద్దు. విప్పాక పాలిథిన్ చుట్టి పది రోజులు క్యూరింగ్. గోనెపట్టాలు నేరుగా ఆనిస్తే వాటి రంగు దిగుతుంది. బయటి ముఖానికి 28 రోజులయ్యాక సైలేన్ పూత (నీటిని పీల్చనివ్వనిది) వేయండి. గోడ తల మీద వాలు, కింది అంచున నీటిగాడి (నీరు గోడ వెంట పాకకుండా చుక్కలుగా రాలడానికి గాడి) లేకపోతే మన వానలకి నల్లటి చారలు ఖాయం. పాచి పడితే మెత్తటి బ్రష్షు, నీళ్లు చాలు. యాసిడ్ వేస్తే పై సిమెంట్ పొర పోయి ఇసుక తేలుతుంది. చిన్న బుడగ గుంటల్ని పూడ్చకండి, పూడ్చిన చోటు వేరే రంగుకి తిరిగి మరింత కనిపిస్తుంది.