మీ ట్యూషన్ గురించి సోషల్ మీడియాలో చెప్పుకోవడం ఎలా?

ట్యూషన్ మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ముందుగా చేసే పని ఒక పోస్టర్ తయారుచేయించడం. మధ్యలో నెట్‌లో దొరికిన నవ్వుతున్న పిల్లాడి బొమ్మ, పైన "అడ్మిషన్లు జరుగుతున్నవి", కింద ఫోన్ నంబరు. దాన్ని తెలిసిన గ్రూపులన్నిట్లో పడేసి, రెండు రోజులు ఫోన్ వంక చూసి, "వీటివల్ల ఏం లాభం లేదండీ" అనేస్తారు. మొదట్లో నేనూ ఇదే చేశాను కాబట్టి విసుక్కునే హక్కు నాకుంది.

సామాను సంగతి త్వరగా తేల్చేద్దాం. ఫోను, బోర్డు, పక్కనుంచి కిటికీ వెలుతురు, ఫోన్ ఆనించడానికి నాలుగు లావుపాటి పుస్తకాలు. రింగ్ లైట్ కొనకండి. కళ్లజోడులో రెండు గుండ్రాలు కనబడతాయి తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు.

ముందు వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి, అది ఉచితం. మామూలు వాట్సాప్‌లోనూ ఇందులోనూ ఒకే నంబరు నడవదు కాబట్టి ట్యూషన్‌కి వేరే నంబరు పెట్టుకోండి, ఇంటి గొడవలు అందులో కలవవు. ప్రొఫైల్‌లో తరగతులు, సబ్జెక్టులు, వేళలు రాసి, అందరూ అడిగే ప్రశ్నలకి జవాబులు క్విక్ రిప్లైలుగా దాచుకోండి. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఒక్క పేజీ, రెండూ కాదు. ఇన్‌స్టా బయోలో 150 అక్షరాలే పడతాయి కాబట్టి అక్కడ సూక్తులు వద్దు, ఏ తరగతికి ఏం చెబుతారో, ఏ ప్రాంతంలోనో రాయండి.

రీల్స్ చేస్తే పిల్లలు ఎగబడి వస్తారని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చూసేది పిల్లలే కావచ్చు, ఫీజు కట్టేది మాత్రం వాళ్ల అమ్మానాన్నలు, వాళ్లు రాత్రి పనులయ్యాక తిరగేసేది వాట్సాప్ స్టేటస్‌లు. అందుకే నా లెక్కలో స్టేటస్ ముందు, రీల్ తర్వాత. ఒక మెలిక ఉంది. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో, వాళ్ల నంబరు మీ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మీ స్టేటస్ వాళ్లకి కనబడుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు, అంటే ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే జాబితా, కూడా అంతే, ఒక లిస్టులో 256 మందిని చేర్చినా మీ నంబరు సేవ్ చేసుకోని వాళ్లకి మెసేజ్ చేరదు. కాబట్టి ఎవరైనా వివరాలు అడగడానికి వస్తే వెళ్లేలోపు "ఒకసారి నా నంబరు సేవ్ చేసుకోండి" అని అడిగి, అక్కడే చేయించండి. గ్రూపు మాత్రం పెట్టకండి. అందులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, పైగా ఒకాయన రాత్రి పదకొండుకి ఫీజు గురించి అలిగితే మిగతా ఊరంతా చదువుతుంది.

ఇక ఏం పెట్టాలి? పిల్లలు తరచూ చేసే ఒక తప్పు, దాని దిద్దుబాటు, ఒక నిమిషంలో. ఉదాహరణకి 1/2 + 1/3 కి పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేసి 2/5 అని రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఆ 2/5 ని బోర్డు మీద రాసి, "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చింది?" అని అడగండి. ఆ తర్వాత 3/6 + 2/6 = 5/6 చేసి చూపించండి. వీడియో ఆ తప్పుతోనే మొదలవ్వాలి, "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్" తో కాదు. మాటలు తెర మీద అక్షరాల్లో కూడా రావాలి, సౌండ్ పెట్టకుండా చూసేవాళ్లు చాలామంది. వారానికి రెండు చాలు, అందులో ఒకటి ఆదివారం సాయంత్రం, హోంవర్క్ గుర్తొచ్చి ఇంట్లో టెన్షన్ మొదలయ్యే వేళకి.

ఇంతవరకు ఎవరైనా చేయగలరు. అందరూ తప్పులో కాలేసేది పిల్లల ఫొటోలు, మార్కుల దగ్గర, కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

రిజల్ట్స్ రాగానే ఫొటో పెట్టాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. ఒకసారి నేను ఓ అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నిలబడిన ఫొటో స్టేటస్‌లో పెట్టేశాను. వాళ్లమ్మని నోటిమాటగా అడిగాను, సరేనంది. నేను చూసుకోనిది వెనకాల బోర్డు: ఆ నెల ఫీజు కట్టాల్సిన ముగ్గురు పిల్లల పేర్లు వరసగా, నా చేతిరాతలోనే ఉన్నాయి. గంటలో తీసేశాను కానీ అప్పటికే స్క్రీన్‌షాట్ తిరుగుతోంది. ఆ ముగ్గురిలో ఒకడు మళ్లీ రాలేదు, నేనైనా పంపేదాన్ని కాదు.

అందుకే ఇప్పుడు నా పద్ధతి ఇది. అనుమతి రాతలో ఉండాలి, కనీసం వాట్సాప్ మెసేజ్‌గా: ఏ ఫొటో, ఎక్కడ పెడతాను, ఎప్పుడడిగినా తీసేస్తాను అని. ఆ ఫొటోనే ముందు వాళ్లకి పంపి "ఇదే పెడుతున్నాను" అని చెప్పాలి, ఎందుకంటే సరే అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్న ఫొటో వేరు. తల్లిదండ్రులు ఒప్పుకున్నా పిల్లని విడిగా అడగండి. పిల్ల తల అడ్డంగా ఊపితే అక్కడితో అయిపోయింది, బతిమాలకండి.

పెట్టేముందు ఫొటోని పెద్దది చేసి మూలమూలా చూడండి. యూనిఫామ్ మీద బడి గుర్తు, కార్డు మీద రోల్ నంబరు, పుట్టినతేదీ, పుస్తకం అట్ట మీద పేరు, ఇవన్నీ కలిస్తే ఆ పిల్ల ఎవరో, రోజూ ఏ వేళకి ఎక్కడ ఉంటుందో ముక్కూమొహం తెలియని వాడికి కూడా అర్థమైపోతుంది. లొకేషన్ ట్యాగ్ వద్దు. ఇన్‌స్టాలో ఖాతాకి కనీస వయసు 13 ఏళ్లు, అంతకంటే పెద్ద పిల్లలకి ఖాతా ఉన్నా సరే, వాళ్లని ట్యాగ్ చేయకండి.

ర్యాంకుల పట్టిక అసలే వద్దు. మొదటి ముగ్గురి పేర్లు పెడితే మిగతా పదిహేను మంది ఇళ్లలో ఆ రాత్రి ఏం జరుగుతుందో ఊహించండి. నేను మార్కులకి బదులు నోటుబుక్కు పెడతాను: పేరు కనబడకుండా, నెల క్రితం చేసిన లెక్క, ఈ వారం చేసిన అదే రకం లెక్క పక్కపక్కన, ఇంటివాళ్లని అడిగాకే. మార్కుల ఫొటోకి "కంగ్రాట్స్" లు వస్తాయి, దీనికి ఫోన్లు వస్తాయి.

ప్రకటనలకి డబ్బు పెట్టాలనిపిస్తే ఇప్పటికే ఫోన్లు తెచ్చిన పోస్టుకే పెట్టండి, మీ చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల వరకే చూపించమని సెట్ చేయండి. ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లకి ఈ దూరం లెక్క వర్తించదు.

మెసేజ్ వచ్చాక "ఫీజెంత?" అనే ప్రశ్నకి అంకె ఒక్కటే పంపితే అవతలివాళ్లు "ఓకే" అని మాయమైపోతారు. అంకె చెప్పండి, దాచకండి, దాంతోపాటే బాబుది ఏ తరగతి, ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడు అని అడిగి, ఒక రోజు క్లాసులో కూర్చోబెట్టమనండి. చేరిన ప్రతి ఒక్కరినీ మా సంగతి ఎక్కడ చూశారని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. బ్యాచ్ నిండిన రోజే "సీట్లు ఉన్నాయి" అనే పోస్టు తీసేయండి, లేకపోతే మూడు నెలల తర్వాత కూడా ఎవరో ఒకరు దాన్నే స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు.