కుక్కకి దురద, నాలుగో పాఠం: 56 రోజుల తిండి పరీక్ష

మొదటి మూడు పాఠాలు చేసినవాళ్ల దగ్గర ఈపాటికి ఒక నోటుబుక్ తయారై ఉండాలి. రోజూ రాత్రి ఒకే టైముకి వేసిన దురద మార్కులు అందులో ఉండాలి. 0 అంటే అసలు గోక్కోవడం లేదు, 10 అంటే తనూ నిద్రపోదు, మిమ్మల్నీ పోనివ్వదు. పిడుదులకీ, వెంట్రుకల్లో గెంతే చిన్న పురుగులు ఫ్లీస్‌కీ నెలనెలా మందు పడుతూ ఉండాలి, చెవుల్లో, కాలివేళ్ల మధ్య ఉన్న ఇన్‌ఫెక్షన్ డాక్టర్ దగ్గర తగ్గించుకుని ఉండాలి. ఇవి కాకుండా ఈ పాఠంలోకి రావద్దు. ఒంటి మీద ఫ్లీస్ పాకుతుండగా తిండి మార్చి చూస్తే ఏం తెలుస్తుంది? డబ్బు దండగ, కుక్కకి కడుపు మంట.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. దురద ఉన్న ప్రతి కుక్కకీ తిండి పడకపోవడం కాదు, అలాంటివి కొన్నే. దుమ్ము, పుప్పొడి, బూజు పడనివే ఎక్కువ. కానీ పైకి రెండూ ఒకేలా ఉంటాయి, అదే కాళ్లు నాకడం, అదే చెవుల వాసన, అదే ఎర్రటి పొట్ట. ఏడాది పొడవునా తేడా లేకుండా దురద ఉండి, దానికి తోడు రోజుకి మూడు నాలుగు సార్లు మెత్తగా దొడ్డికి వెళ్తుంటే తిండి మీద అనుమానం పెంచుకోవచ్చు. అనుమానమే సుమా, రుజువు కాదు. రక్తం తీసి, లాలాజలం తీసి, వెంట్రుక పంపించి ఏ తిండి పడదో చెప్పేస్తామనే టెస్టులు ఉన్నాయి. తిండి అలర్జీ విషయంలో వాటిని నమ్ముకోలేం. నేనూ ఒకటి చేయించాను, మా కుక్క చిట్టి జన్మలో మొహం చూడని పదార్థాలకి కూడా అందులో ఎర్రగుర్తు పెట్టారు. తేల్చేది ఒక్కటే, పాత తిండి పూర్తిగా ఆపి చూడటం, మళ్లీ పెట్టి చూడటం.

చాలామంది అడిగేది ఒకటుంది, "మూడేళ్లుగా ఇదే తింటోంది కదండీ, ఇప్పుడెందుకు పడదు?" అని. పడకపోయేది సాధారణంగా అలా ఏళ్ల తరబడి తిన్నదే. ఒంటికి బాగా పరిచయమైన మాంసకృత్తు మీదే ఒళ్లు తిరగబడుతుంది. మన హైదరాబాద్ ఇళ్లలో కుక్కల మెనూ చూడండి: చికెన్ మెడలు వేసి ఉడికించిన అన్నం, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మిగిలిన చపాతీ, ఎవరికైనా ముద్దొస్తే గుడ్డు. కుక్కల్లో ఎక్కువగా అలర్జీ కనిపించేవాటిలో చికెన్, పాలపదార్థాలు, గోధుమ, బీఫ్ ఉంటాయి. అంటే మూడు మనింట్లోనే ఉన్నాయి. బియ్యాన్ని తిట్టి గ్రెయిన్ ఫ్రీ, అంటే ధాన్యం లేని తిండి సంచీ కొనుక్కొచ్చేవాళ్లు ఆ సంచీ వెనక్కి తిప్పి చదవాలి, చాలావాటిలో చికెన్ మొదటి వరసలోనే కూర్చుని ఉంటుంది.

ఇక పని. ముందు ఒక కాగితం మీద మీ కుక్క పుట్టినప్పటి నుంచి తిన్నవన్నీ రాయండి. ఒక్కరే రాస్తే సగమే వస్తుంది, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి రాయించండి. మా ఇంట్లో నేను 9 రాశాను, మా అత్తయ్య, పిల్లలు కలిసి దాన్ని 23కి తీసుకెళ్లారు, అందులో అటుకుల మిక్చర్ కూడా ఉంది. ఆ లిస్టులో లేని మాంసకృత్తు ఒకటి, పిండిపదార్థం ఒకటి వెతకాలి. చేప ఎప్పుడూ పెట్టలేదా, చేప. మేకమాంసం పెట్టలేదా, అది. దాంతోపాటు చిలగడదుంప. ఇంట్లో మాంసం వండనివాళ్లు, వండే తీరిక లేనివాళ్లు డాక్టర్‌ని అడిగి హైడ్రోలైజ్డ్ ఫుడ్ రాయించుకోండి. అందులో మాంసకృత్తుని ఎంత చిన్న ముక్కలు చేసేస్తారంటే, ఒళ్లు దాన్ని సాధారణంగా శత్రువుగా గుర్తుపట్టలేదు. ఖరీదెక్కువే, కానీ పొరపాట్లకి అవకాశం తక్కువ. మామూలు షాపులో చేప బొమ్మ ఉన్న సంచీ మాత్రం ఈ పరీక్షకి పనికిరాదు, అలాంటివాటిలో లేబుల్ మీద లేని మాంసం కూడా కలిసి బయటపడిన సందర్భాలున్నాయి.

మేం చేప ఎంచుకున్నాం. రాంనగర్ మార్కెట్లో మొదటి వారం రవ్వ చేప తెచ్చి తప్పు చేశాను, దాని సన్నముళ్లు ఏరేసరికి కళ్లు తిరిగాయి. తర్వాత కొర్రమీనుకి మారాం, రేటు ఎక్కువే గానీ మధ్యముల్లు లాగేస్తే దాదాపు పనైపోతుంది. ముక్కలు ఉప్పు లేకుండా, పసుపు లేకుండా, నూనె చుక్క లేకుండా ఆవిరి మీద ఉడికించాలి. చల్లారాక పళ్లెంలో పరిచి రెండు వేళ్ల మధ్య నలుపుతూ పోవాలి, కంటికి కనిపించని ముల్లు వేలికి తగులుతుంది. తర్వాత ఉడికించి తొక్క తీసిన చిలగడదుంప మెదిపి కలపాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్కకి విషం, ఈ పరీక్షలోనే కాదు, ఎప్పుడూ వద్దు. ఎంత పెట్టాలన్నది బరువుని బట్టి డాక్టర్‌తో లెక్క వేయించుకోండి. ఈ ఇంటి వంటలో కాల్షియం, విటమిన్లు సరిపడా ఉండవు, పెద్ద కుక్కకి 8 వారాలు నడుస్తుంది గానీ పిల్లకుక్కకి ఇలా చేయొద్దు, పరీక్ష అయ్యాక కూడా ఇదే కొనసాగించొద్దు. మొదటి 5, 6 రోజులు పాత తిండి తగ్గిస్తూ కొత్తది పెంచండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. పూర్తిగా కొత్త తిండి మీదకి వచ్చిన రోజే ఒకటో రోజు.

56 రోజులెందుకు? తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో 5 వారాలకి 80 శాతానికి పైగా తేరుకుంటాయి, 8 వారాలకి 90 శాతం దాటుతాయి. మూడు వారాలు చూసి "తేడా లేదండీ" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. అందుకే క్యాలెండర్ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. ఆషాఢంలో బోనాలు పెట్టుకుని పరీక్ష మొదలుపెట్టడం అంత తెలివితక్కువ పని లేదు. ఇంటినిండా చుట్టాలు, వీధినిండా ఎముకలు. వినాయక చవితి మండపం గుమ్మం ముందే ఉంటే ఆ పదిరోజులూ అంతే.

ఇప్పుడు అసలు కష్టం. చేప వండటం కాదు, ఇంట్లోవాళ్లని కాపలా కాయడం.

మా మొదటి పరీక్ష 36వ రోజున మునిగింది. అప్పటికి మార్కు 8 నుంచి 6కి దిగి అక్కడే ఆగిపోయింది, ఎంతకీ కదలదు. ఒకరోజు ఆఫీసు నుంచి త్వరగా వచ్చి చిట్టి గడ్డం నిమురుతుంటే మూతి పక్కన వెంట్రుకలకి అంటుకుని ఎండిపోయిన మెతుకు ఒకటి చేతికి తగిలింది. మా మెనూలో అన్నమే లేదు! వాసన చూస్తే పెరుగు. అత్తయ్య వంక చూశాను. ఆవిడ ముందు టీవీ వంక చూశారు, తర్వాత "ఏమ్మా, చలవ చేస్తుందని రోజూ రెండు ముద్దలే పెట్టాను, నోరు లేని జీవి అలా చూస్తుంటే నాకు ముద్ద దిగుతుందా?" అన్నారు. కోపం వచ్చింది గానీ ఏమనగలను, తప్పు నాదే. డాక్టర్ నాకు చెప్పారు, నేను ఆవిడకి చెప్పలేదు, "వేరే ఏం పెట్టకండి" అన్నానంతే. పెరుగు ఆవిడ లెక్కలో తిండి కాదు, మందు.

రెండోసారి పద్ధతి మార్చాను. రోజూ పెట్టాల్సిన చేపలోంచే కొన్ని ముక్కలు తీసి ఓవెన్లో ఎండబెట్టి ఒక స్టీలు డబ్బాలో వేసి అత్తయ్య చేతికిచ్చాను, "మీకు ఎప్పుడు పెట్టాలనిపిస్తే అప్పుడు ఇందులోంచి పెట్టండి" అని. పెట్టే చేతిని ఆపలేం, చేతిలో ఉన్నదాన్ని మార్చగలం. అలాంటిదే ఇంకో డబ్బా కింద వాచ్‌మన్‌కి ఇచ్చాను, అతను రోజూ గ్లూకోజ్ బిస్కెట్ వేస్తాడని అప్పుడే తెలిసింది. "ఒక్కటే గద మేడమ్, ఏమైతది?" అన్నాడు. ఒక్కదానిలోనే గోధుమ, పాలు రెండూ ఉన్నాయన్నాను. పాపం, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ పిల్లల్ని కూడా అతనే ఆపేవాడు.

దొంగదారులు ఇంకా ఉన్నాయి. నమిలే మందుబిళ్లల్లో చాలావాటికి మాంసం రుచి కలుపుతారు, పిడుదులకి వేసే బిళ్ల కూడా అందులోకే వస్తుంది, ఈ రెండు నెలలు వీపు మీద వేసే చుక్కలమందుకి మారొచ్చేమో డాక్టర్‌ని అడగండి. కుక్కల టూత్‌పేస్టు, నమిలే తోలుముక్కలు బంద్. మాత్ర మింగించడానికి పనీర్‌లో చుట్టడం బంద్, చిలగడదుంపలో చుట్టండి. చిన్నపిల్లలు తిన్నాక చేతులు కడిగించండి. ఇక ఆదివారం సాయంత్రం వాకింగ్, అదొక యుద్ధం, ప్రతి మూలమలుపులో బిర్యానీ ఎముక ఒకటి ఎదురుచూస్తూ ఉంటుంది. నోరు తెరిచి ఊపిరి పీల్చుకోగలిగే బుట్టలాంటి మజిల్ (మూతికి తొడిగేది) కొనండి. ఒకవేళ ఏదైనా తినేస్తే దాచకుండా నోటుబుక్‌లో తారీఖుతో రాయండి, ఆ తర్వాత వారంలో మార్కు పెరిగితే కారణం మీ కళ్ల ముందే ఉంటుంది.

మధ్యలో దురద మరీ ఎక్కువైతే డాక్టర్ కొద్దిరోజులు మందు ఇవ్వొచ్చు, పరీక్ష పాడైపోదు. కానీ చివరి రెండు మూడు వారాలు ఆ మందు లేకుండా నడవాలి, లేకపోతే తగ్గింది మందుకా తిండికా తెలియదు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు కొనడం, ఉన్నట్టుండి ఆపేయడం రెండూ వద్దు. వారానికోసారి బరువు చూడండి, మీరు కుక్కని ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత మీ బరువు తీసేస్తే సరి. చిట్టి 27 కిలోలు, కాబట్టి ఆ పని నా భర్తది. బరువు పడిపోతున్నా, తిండి మానేసినా, వాంతులు ఆగకపోయినా, చర్మం మీద రసి కారుతున్నా పరీక్ష పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రైవేటు ఫీజులు కష్టమనుకుంటే నారాయణగూడలో సర్కారు పశువుల ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

56 రోజులయ్యాక మార్కు తగ్గకపోతే తిండి కారణం దాదాపు కాదనే అనుకోవచ్చు, హాయిగా పాత తిండికి వెళ్లిపోండి, మీ పాఠం తర్వాతది. కొంత తగ్గి ఆగిపోతే రెండు అలర్జీలూ కలిసి ఉండొచ్చు. తగ్గితే మాత్రం అక్కడితో ఆగకండి, అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇదే. పాత తిండి మళ్లీ పెట్టాలి. బాగైన కుక్కకి మళ్లీ దురద తెప్పించడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి? కానీ వానలు వెళ్లి చలి వచ్చినందుకు తగ్గిందో, చికెన్ ఆపినందుకు తగ్గిందో వేరే ఎలా తెలుస్తుంది? ఒక్కో పదార్థం విడిగా, రెండు వారాల దాకా. దురద మొదలైన వెంటనే ఆపేసి, పరీక్ష తిండి మీదకి వెళ్లి, మార్కు మళ్లీ దిగాకే రెండో పదార్థం.

చిట్టికి రెండోసారి 8 వారాలయ్యేసరికి మార్కు 2. ఆ సోమవారం ఉడికించిన చికెన్ పెట్టాం, గిన్నెతో సహా మింగేలా తింది. మంగళవారం, బుధవారం ఏమీ లేదు. గురువారం రాత్రి రెండు గంటలకి మంచం కింద నుంచి చప్ చప్ చప్ అని చప్పుడు, లైటు వేసి చూస్తే ముందుకాలి వేళ్ల మధ్య నాకి నాకి తడిపేసింది. నోటుబుక్ తీసి 6 రాశాను. చికెన్ బంద్. మళ్లీ 2కి దిగడానికి 12 రోజులు పట్టింది.

మార్కు 2కి దిగిన మర్నాడు పొద్దున్నే అత్తయ్యకి చెప్పాను. "చికెన్ సంగతి తేలిందిగా, మరి పెరుగు ఏం తప్పు చేసింది?" అన్నారు. పెరుగు సంగతి ఇంకా తేలలేదన్నాను. ఈ సోమవారం నుంచి రోజూ రెండు స్పూన్లు, అన్నం లేకుండా, ఆవిడ చేత్తోనే.