ఫోర్ వీల్‌గా మార్చిన పాత డీజిల్ పికప్: సమస్యలు – పరిష్కారాలు

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల కొండ ఊళ్ళ నుంచి అల్లం, జీడిపిక్కలు సంతకు చేర్చే పాత డీజిల్ పికప్‌లు వెనక చక్రాల బలంతోనే నడుస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు వెనక బరువు ఉండదు కాబట్టి, వానాకాలపు ఎర్రమట్టి ఎత్తు మీద ఆ చక్రాలు ఉన్నచోటనే తిరిగిపోతాయి. అందుకే కొందరు పాత ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) జీపుల ముందు యాక్సిల్‌ను, ట్రాన్స్‌ఫర్ కేసును (గేర్‌బాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక యాక్సిళ్ళకు పంచే పెట్టె; ఫోర్ వీల్ వేసే లివర్ దీనిదే) కొని తమ బండికి బిగించుకుంటున్నారు. బిగించిన తరువాత వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు చెడిపోయిన భాగం వల్ల వచ్చేవి కావు; బిగించే ముందు కొలవకుండా వదిలేసిన నిష్పత్తి, కోణం, పొడవు వల్ల వచ్చేవి. కాబట్టి కొత్త భాగం కొనే ముందు కొలత చూడాలి.

దానికన్నా ముందు చూడవలసింది చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా యజమాని బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అనుమతి దొరకదని తేలితే, కంపెనీ నుంచే ఫోర్ వీల్‌గా వచ్చిన పాత పికప్‌ను వెతుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ఫోర్ వీల్ వేయగానే బండి బిగుసుకుపోతుంది, లివర్ తిరిగి రాదు

ఈ రకం ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు, వెనక యాక్సిళ్ళకు బలం చేర్చే షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ (రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. ఫోర్ వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి గనుక, తారు రోడ్డు మీద టైరు జారక, ఆ తేడా షాఫ్టుల్లో మెలిపెట్టినట్టు పేరుకుపోతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పితే ఏ బండి అయినా ఇలాగే బిగుస్తుంది. అది లోపం కాదు. కొద్ది మీటర్లు వెనక్కి నడిపితే మెలి వదిలి లివర్ వస్తుంది. ఆ తరువాత తారు మీద మళ్ళీ వేయకూడదు.

తిన్నగా పోతున్నప్పుడు, అదీ మట్టి మీద కూడా బిగుస్తుంటే మాత్రం ముందు, వెనక క్రౌన్ పినియన్ల (యాక్సిల్ మధ్యలో షాఫ్టుతో తిరిగే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్) నిష్పత్తి కలవలేదని అనుమానించాలి. వెనక 10 పళ్ళ పినియన్‌కు 41 పళ్ళ క్రౌన్ ఉంటే నిష్పత్తి 4.10, ముందు 9 పళ్ళ పినియన్‌కు 41 పళ్ళ క్రౌన్ ఉంటే 4.56. టైర్లు నాలుగూ ఒకే సైజువి అయినా, వెనక చక్రాలు 100 మీటర్లు నడిచేసరికి ముందువి 90 మీటర్లకే సరిపడా తిరుగుతాయి. ఆ పది మీటర్ల తేడాను టైర్లు, క్రాసులు (షాఫ్టు చివర్ల కీళ్ళు), గేర్లు భరించాలి.

హౌసింగ్ (యాక్సిల్ మధ్యలో ఈ గేర్లు ఉండే పెట్టె) విప్పకుండానే నిష్పత్తి తెలుసుకోవచ్చు. చదునైన నేల మీద మిగిలిన చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఒక్క వెనక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి, యాక్సిల్ కింద గట్టి దుంగ గానీ స్టాండు గానీ పెట్టాలి. టైరు మీద, షాఫ్టు మీద సుద్దతో గీతలు గీసి, చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పుతూ, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో పక్కన ఒకరు లెక్కపెట్టాలి. రెండో చక్రం నేల మీద ఆగి ఉంటుంది గనుక, లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితే క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అందువల్ల షాఫ్టు 41 చుట్లు తిరిగితే నిష్పత్తి 4.10; నలభై అయిదున్నర దాటితే 4.56. ముందు వైపు హబ్బులు (చక్రాన్ని యాక్సిల్‌తో కలిపే, విడదీసే భాగాలు) లాక్ చేసి, ట్రాన్స్‌ఫర్ లివర్ టూ వీల్‌లో ఉంచి ఇదే విధంగా చూడాలి. తేడా వస్తే ఏదో ఒక వైపు క్రౌన్, పినియన్‌లను జతగా మార్చడం తప్ప దారి లేదు. తేడా రాకపోతే టైర్లు చూడాలి: ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉన్నా కొంత బిగుతు వస్తుంది.

వేగం పెరిగితే బండి అదురుతుంది

గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు చేరేసరికి వెనక ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టిదవుతుంది, ఎత్తు తేడా మాత్రం అంతే ఉంటుంది. 15 సెంటీమీటర్ల ఎత్తు తేడాకు 150 సెంటీమీటర్ల షాఫ్టు సుమారు 6 డిగ్రీలు వాలితే, 110 సెంటీమీటర్ల షాఫ్టు సుమారు 8 డిగ్రీలు వాలుతుంది. కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఎత్తు చేయించినవారికి వాలు ఇంకా పెరుగుతుంది.

అదురు వస్తున్న వేగంలో క్లచ్ తొక్కి, ఇంజిన్‌ను ఐడిలింగ్‌కు రానివ్వాలి. అదురు ఆగిపోతే ఇంజిన్ మౌంటింగులు చూడాలి. ఆగకపోతే షాఫ్టు గానీ చక్రాలు గానీ కారణం. షాఫ్టు కోసి అతికించిన చోట రెండు చివర్ల యోకులు (క్రాసును పట్టుకునే కొమ్ములు) ఒకే వరుసలో ఉన్నాయో లేదో మొదట చూడండి. అతికేటప్పుడు కాస్త తిరిగిపోయినా, క్రాసులు ఎన్నిసార్లు మార్చినా అదురు పోదు. తరువాత ట్రాన్స్‌ఫర్ కేసు అవుట్‌పుట్, వెనక పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో కోణం కొలిచే పరికరంతో చూడాలి. తేడా ఉంటే యాక్సిల్‌కూ కమాన్ పట్టీలకూ మధ్య ఏటవాలు ఇనుప ప్లేట్లు వేసి సరిచేయాలి. షాఫ్టు అతికే పని జయపురంలోనో రాయగడలోనో చేయించుకున్నా, ఆ తరువాత బ్యాలెన్సింగ్ యంత్రం ఉన్న చోటికి తీసుకువెళ్ళి తీరాలి.

లివర్ పడుతుంది, ముందు చక్రాలు లాగవు

ముందు షాఫ్టు తిరుగుతుందో లేదో చూస్తే సగం తేలిపోతుంది. షాఫ్టు తిరుగుతూ చక్రాలు లాగకపోతే హబ్బులు లాక్ కాలేదన్నమాట. షాఫ్టే తిరగకపోతే లోపం ట్రాన్స్‌ఫర్ కేసు ఫోర్కులోనో (లోపల గేరును జరిపే కొమ్ము), లివర్ రాడ్డు పొడవులోనో ఉంటుంది.

దిగుడులో యాక్సిలరేటర్ వదిలితే లివర్ దానంతట అదే జారుతుంది

లివర్‌ను ఛాసిస్‌కో క్యాబిన్ నేలకో బిగించిన బండ్లలో ఇది వస్తుంది. ఇంజిన్, గేర్‌బాక్సు రబ్బరు మౌంటింగుల మీద కదిలినప్పుడు లివర్ కదలదు, దాంతో రాడ్డు ఫోర్కును వెనక్కి లాగుతుంది. లివర్‌ను గేర్‌బాక్సు మీదే బిగించి, కుంగిన మౌంటింగులు మార్చి, ట్రాన్స్‌ఫర్ కేసు బరువు మోసే క్రాస్‌మెంబర్ బలంగా ఉందో చూసుకోవాలి.

హౌసింగ్ ఆయిల్ పాలలా తెల్లబడింది

వాగులో దిగినప్పుడు వేడి హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి, లోపలి గాలి కుంచించుకుని, సీళ్ళ గుండా, బ్రీదర్ (హౌసింగ్ గాలి పీల్చే రంధ్రం) గుండా నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ మొత్తం దించి, కడిగి, కొత్తది పోసి, బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి బానెట్ ఎత్తు వరకు తీసుకురావాలి. ట్రాన్స్‌ఫర్ కేసులో మాత్రం దానికి నిర్దేశించిన ఆయిలే పోయాలి. కొన్నిటికి గేరు ఆయిల్ కాక ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కావాలి.

స్టీరింగ్ నిలకడగా ఉండదు

ముందు షాఫ్టు వాలు తగ్గించాలని ముందు యాక్సిల్ కింద కూడా ఏటవాలు ప్లేట్లు వేసి పినియన్‌ను పైకి తిప్పితే, చక్రాల క్యాస్టర్ కోణం (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి, మలుపు తరువాత స్టీరింగ్ దానంతట అది తిన్నగా రాదు. ముందు షాఫ్టు అరుదుగా, అదీ నెమ్మదిగా నడిచేటప్పుడే పనిచేస్తుంది కాబట్టి, కొంత వాలును భరించి క్యాస్టర్‌ను కాపాడుకోవడమే సరైనది. వాలు మరీ ఎక్కువైతే ట్రాన్స్‌ఫర్ కేసు వైపు డబుల్ క్రాస్ జాయింటు వేయించాలి. ఈ పని అయ్యాక ఛాసిస్‌ను లేపి చక్రాలను పూర్తిగా కిందికి వేలాడనిచ్చి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పుతూ ముందు బ్రేకు గొట్టాలు సాగుతున్నాయేమో చూడండి. బిగుతుగా కనిపిస్తే పొడవైనవి వేయించిన తరువాతే బండిని ఘాట్ ఎక్కించాలి.