పాత చొక్కా విప్పి కొత్త చొక్కా కుట్టడం ఎలా?

ఇంట్లో మిషను ఉండి, దిండు గలీబులు, లంగా అంచులు, చిన్న చిన్న రిపేర్ల వరకు చేసుకునే వాళ్లు కూడా చొక్కా అనేసరికి ఆగిపోతారు. కాలర్ చూస్తేనే భయం. నేనూ రెండేళ్లు అలాగే ఆగాను. ఛాతీ కొలతలో నాలుగో వంతు, దానికి ఒకటింబావు కలుపు, అందులో అర తీసెయ్ అంటూ లెక్కలు రాసుకున్న కాగితాలు నిండాయి కానీ చొక్కా మాత్రం రాలేదు. చివరికి దారి చూపించింది నాన్న పాత చొక్కా. ఒంటికి సరిగ్గా కుదిరిన చొక్కా, కాలర్ అరిగి చిరిగిపోయిందని పక్కన పెట్టేశారు. దాన్ని కుట్టు కుట్టుగా విప్పాను. విప్పడం అయ్యేసరికి కుట్టడం సగం తెలిసిపోయింది. మొదటి చొక్కాకి ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా నమ్మకం, అందుకే ఇక్కడ కూడా అదే చెబుతున్నాను.

ముందు విప్పండి

చక్కగా సరిపోయే హాఫ్ హ్యాండ్స్ చొక్కా ఒకటి తీసుకోండి. లాగి చింపొద్దు, బ్లేడుతోనో చిన్న కత్తెర మొనతోనో నాలుగైదు కుట్లకి ఒకటి తెంపి దారం లాగండి. ముందు బొత్తాలు కోసి డబ్బాలో వేసుకోండి, పనికొస్తాయి. తర్వాత కింద మడత, ఆ తర్వాత పక్క కుట్టు. అది చేతి అంచు దగ్గర మొదలై చంక మీదుగా చొక్కా అడుగు దాకా ఒకే గీతలా వస్తుంది, గమనించండి. తర్వాత చేతులు, కాలర్, వెనక భుజాల మీద ఉండే యోక్, జేబు, చివరికి బొత్తాల పట్టీలు. ఏది విప్పితే అది కాగితం మీద వరుసగా రాసుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదివితే అదే మీరు కుట్టాల్సిన వరుస.

నాన్న చొక్కా జేబు విప్పినప్పుడు దాని కింద బట్ట కొన్ననాటి నీలం రంగులోనే ఉంది, చుట్టూ అంతా వెలిసిపోయింది. ఆ నీలం గడి చుట్టూ సూది రంధ్రాలు, పై మూలల్లో చిన్న త్రికోణాలు. జేబు ఎక్కడ పెట్టాలో, మూల ఊడిపోకుండా ఎలా బిగించాలో అవే చెప్పాయి.

విప్పిన ముక్కలన్నీ ఇస్త్రీ చేసి, మడతలు పూర్తిగా తెరిచి, పుస్తకాలకి అట్టలు వేసే బ్రౌన్ షీటు మీద పరిచి గీయండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా తెల్ల బట్టకి అంటుతుంది. కుడీ ఎడమా రెండూ గీయక్కర్లేదు, ఒక చెయ్యి, ఒక ముందు భాగం చాలు. వెనక ముక్కని మధ్యకి మడిచి సగమే గీయండి. కుట్టుకి వదిలిన బట్ట ఆ ముక్కల్లోనే ఉంది కాబట్టి అదనంగా ఏమీ కలపకండి. చంక వంపులో ముందు వైపు, వెనక వైపు ఒకేలా ఉండవు, ముందు వైపు కొంచెం లోతుగా ఉంటుంది. ఆ తేడా మీ కాగితం మీద కనిపించాలి, ఏది ముందో రాసి పెట్టుకోవాలి.

బట్ట

మొదటి చొక్కాకి సాదా చేనేత కాటన్ తీసుకోండి. గుంటూరు జిల్లా మంగళగిరిలో గుంట మగ్గాల మీద నేసే బట్ట బాగా కుదురుతుంది, జారదు, ఇస్త్రీకి చెప్పినట్టు వింటుంది. నా మొదటి చొక్కాకి రెండు చేతులూ ఎడమ చేతులే కత్తిరించాను. కొత్తవాళ్లందరికీ జరిగే పొరపాటే, కాగితాన్ని తిరగెయ్యకుండా రెండుసార్లు గీస్తే అంతే. సాదా నేత బట్టకి లోపలా బయటా ఒకేలా ఉంటుంది కాబట్టి ఒక చేతిని తిరగేస్తే సరిపోయింది. అదే ప్రింటు బట్ట అయితే ముక్క పోయేది. పోచంపల్లి ఇక్కత్‌కి కూడా రంగు నూలుకే వేసి నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ వస్తుంది, కానీ డిజైన్ కలపడం కష్టం, రెండో మూడో చొక్కాకి ఉంచుకోండి. పొందూరు సన్న ఖద్దరు మీద అప్పుడే చెయ్యి వెయ్యొద్దు.

36 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) అయితే 2.25 మీటర్లు, 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు హాఫ్ హ్యాండ్స్‌కి మామూలుగా సరిపోతాయి. లావుగా, పొడుగ్గా ఉంటే కాస్త ఎక్కువ తీసుకోండి. తెచ్చిన బట్టని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. గంజి పోతుంది, కుదించుకుపోయేది ఇప్పుడే కుదించుకుపోతుంది. ఈ ఒక్క పని మానేస్తే మీరు ఎంత బాగా కుట్టినా మొదటి ఉతుకులో చొక్కా బిగుసుకుపోతుంది.

కత్తిరించే ముందు ఒక పేక పోగుని, అంటే అడ్డంగా నేసిన దారాన్ని, లాగండి, సన్నటి గీత పడుతుంది, ఆ గీత వెంట కత్తిరిస్తే బట్ట చివర తిన్నగా వస్తుంది. ముందు, వెనక, చేతుల ముక్కలన్నీ పడుగు వెంట, అంటే బట్ట అంచుకి సమాంతరంగా నిలువుగా ఉండాలి. యోక్ మాత్రం అడ్డంగా తీస్తారు.

మిషను సంగతి

14 నంబర్ సూది, కాటన్ లేదా మామూలు పాలిస్టర్ దారం, అంగుళానికి 10 నుంచి 12 కుట్లు. మిగిలిన చిన్న గుడ్డ మీద కుట్టి చూడండి. అడుగున దారం ఉండలు కట్టిందంటే అందరూ బాబిన్‌ని తిడతారు, కానీ చాలాసార్లు తప్పు పై దారానిది. బట్టని నొక్కి పట్టే మిషను పాదం ఎత్తి, పై దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి. బాబిన్ కేసుని దారంతో వేలాడదీసినప్పుడు అలాగే ఆగి, చిన్నగా ఒక కుదుపు ఇస్తే కొద్దిగా జారాలి. అలా ఉంటే దాని టెన్షన్ సరిగ్గా ఉన్నట్టే, స్క్రూ ముట్టుకోవద్దు. నూనె మిషను నూనే వేయాలి. కొబ్బరి నూనె వేస్తే కొన్నాళ్లకి జిగురులా పట్టేస్తుంది.

కుట్టే వరుస

మీ కాగితం కింది నుంచి చదవండి. బొత్తాల పట్టీలు మడిచి కుట్టాలి. ఎడమ ముందు భాగానికి జేబు. వెనక ముక్కని రెండు యోక్ ముక్కల మధ్య పెట్టి కుట్టి, భుజాలు కలపాలి. ఇక్కడిదాకా ఒక సాయంత్రం పని. ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ చేయండి, బద్ధకించొద్దు, టైలర్ షాపులో ఇస్త్రీ పెట్టె మిషను పక్కనే ఉండేది అందుకే.

ఇక కాలర్. మొదటి చొక్కాకి చైనీస్ కాలర్ పెట్టుకోమంటాను, అంటే మామూలు కాలర్‌లో కింద ఉండే నిలువు పట్టీ ఒక్కటే. అది వస్తే పైన రెక్క కలపడం పెద్ద పని కాదు. మెడ వంపులో బట్ట ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పట్టుకుంటేనే సాగుతుంది. అందుకే అంచుకి పావు అంగుళం లోపల ఒక వరుస కుట్టు ముందే వేసేయండి. తర్వాత మనిషి మెడ కాకుండా, కుట్టిన చొక్కా మెడని టేపు నిలబెట్టి ఒక బొత్తాల పట్టీ చివర నుంచి ఇంకో బొత్తాల పట్టీ చివరి దాకా కొలవండి. కాలర్ పట్టీ పొడవు అదే, రెండు చివర్లా అర అంగుళం కుట్టుకి కలపండి.

కాలర్ పట్టీ ముక్కలు రెండు కత్తిరించి, బయటి ముక్కకి లోపల అంటుకునే బక్రం (కాలర్ నిలబడేందుకు పెట్టే గట్టి గుడ్డ) పెట్టి ఇస్త్రీ పెట్టెతో నొక్కండి. రుద్దకూడదు, ఒక్కోచోట పదిహేను సెకన్లు నొక్కి పట్టి, ఎత్తి పక్కకి జరపాలి. రుద్దితే బక్రం జరిగి బుడగలు లేస్తాయి. ఆ ముక్క కింది అంచుని లోపలికి మడిచి ఒక కుట్టు వేయండి. రెండు ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, పై అంచు, రెండు చివర్ల గుండ్రం కుట్టండి. గుండ్రం దగ్గర మిగులు బట్టని బాగా సన్నగా కత్తిరించి తిరగేయండి. నాకు మొదటిసారి ఆ చివర్లు ముద్దగా వచ్చాయి, మూడుసార్లు విప్పాను, మిగులు పావు అంగుళం ఉండిపోవడమే కారణం. అందులో సగానికి కోశాక నున్నగా తిరిగింది.

ఇప్పుడు మడవని లోపలి ముక్కని చొక్కా మెడకి లోపలి వైపు నుంచి కుట్టాలి. గుండు సూది ముందు వీపు మధ్యలో గుచ్చండి, తర్వాత రెండు చివర్లు, ఆ తర్వాతే మధ్యలో మిగిలినవి. ఒక చివర నుంచి మొదలుపెట్టి కుట్టుకుంటూ పోతే రెండో చివర కచ్చితంగా మిగులుతుంది, లేదా చాలదు. కుట్టాక మడిచిన బయటి అంచుని ఆ కుట్టు మీదికి తెచ్చి, అంచుని ఆనుకుని పై నుంచి కుట్టేయండి. బయటికి కనిపించే కుట్టు మీ కళ్ల ముందే పడుతుంది, అందుకే ఈ పద్ధతి నాకిష్టం.

చేతులు పక్క కుట్టు వేయకముందే, బట్ట బల్ల మీద పరిచినట్టు ఉండగానే కలపాలి. చేతి మధ్య గుర్తుని భుజానికి కలిపి గుచ్చితే చాలు. తర్వాత చేతి అంచు నుంచి చొక్కా అడుగు దాకా ఒకే కుట్టు. లోపల పోగులు రాకుండా మిగులులో ఒక పొరని సగానికి కత్తిరించి, రెండోదాన్ని దాని మీదికి మడిచి ఇంకో కుట్టు వేస్తే ఓవర్‌లాక్ అవసరమే ఉండదు. చేతి అంచులు, కింద మడత ఆఖర్న.

కాజాలు, అంటే బొత్తాలు దూర్చే రంధ్రాలు, మగవాళ్ల చొక్కాకి ఎడమ పట్టీ మీద వస్తాయి. పట్టీ మీద నిలువుగా, కాలర్ దగ్గర మాత్రం అడ్డంగా. ఒక కాజా సరిగ్గా ఛాతీ మీద పడేలా చూసుకుని మిగతావి దాదాపు మూడున్నర అంగుళాల దూరంలో గుర్తు పెట్టండి. మిషను మీద వేస్తే చుట్టూ కుట్టాకే మధ్యలో కోయాలి, చేత్తో కుడితే ముందు కోసి అంచుల చుట్టూ కుట్టాలి. ఇది రాకపోతే కాజాలు వేసే షాపులో ఇచ్చెయ్యండి, అందులో తప్పేం లేదు.

విప్పిన పాత ముక్కలు పడేయకండి. చిన్నవి బొంతకి వెళ్తాయి, పెద్దవి సంచికి. నాన్న చొక్కా వెనక ముక్క ఒక వైపు, పట్టీలు ఒకదాని మీద ఒకటి పెట్టి నిలువునా కుట్టేసిన ముందు ముక్కలు రెండో వైపు పెట్టి సంచి కుట్టాను. పిడులు ఊడకుండా నాలుగు చోట్లా చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేశాను. జేబుని మళ్లీ ఆ నీలం గడి మీదే, పాత సూది రంధ్రాల్లోంచే కుట్టాను. నాన్న రైతుబజారుకి ఆ సంచే పట్టుకెళ్తారు, చిల్లర ఆ జేబులో వేసుకుంటారు.